కూత ఆగితే అవుటే

ఈ రోజుల్లో ఎవరేం చెయ్యాలో చెవిలో పెట్టుకున్న సలహాబిళ్లే చెబుతుంది. మా కాలేజీ కబడ్డీ కోచ్ ఓబులేసు మాత్రం పిల్లల చెవుల్లోంచి వాటిని తీయించి, తానే గొంతు చించుకుంటాడు. వరుసగా తొమ్మిది మ్యాచులు ఓడాం. అతన్ని ఉంచాలా, తీసేయాలా అని ప్రిన్సిపాల్‌నైన నేను నా బిళ్లనే అడిగాను. తీసేయమంది. అతన్ని పిలిపించి, అది అందించిన మాటలే గంభీరంగా మొదలుపెట్టాను.

"ఓబులేసు గారూ, మీ సేవలు మాకిక..."

బిళ్లలో ఛార్జింగ్ అయిపోయింది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను.

"కూత ఆగిపాయ సార్! ఆగితే అవుటే, ఏందో ఒకటి అనండి!" అని అలవాటుగా అరిచాడు ఓబులేసు.

"వచ్చే ఏడాది కూడా కావాలి!" అనేశాను కంగారులో.

పన్నెండేళ్ల ఉద్యోగంలో నేను సొంతంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే. తొమ్మిది ఓడిన ఓబులేసు, పదోది నా మీద గెలిచాడు.