గేముకు దిష్టి

మదనపల్లె టమోటా రైతు రెడ్డెప్పకు నలభై అయిదేళ్లకు ఫోనులో తుపాకుల గేము మీద మోజు పోయింది. భార్య నవనీత హడలిపోయి ఎండుమిరపకాయలూ ఉప్పూ భర్త చుట్టూ, ఫోను చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి తగిలినట్టే!

"సూడు, ఎవురి పాడుకన్నో! ఒక్క ఆటాడప్పా!"

"వయసయింది నవనీతా. దిష్టీ లేదు, గిష్టీ లేదు."

వయసొస్తే ఆట విసుగెత్తడం రోగమా? ఇదే మనిషి టమోటా మండీలో ధర కోసం దళారులతో కొట్లాట మానేసినప్పుడు మాత్రం ఈ ఇంట్లో పాయసం వండుకున్నారు!

"గేముంటే ఇంట్లో పడుంటావని గదా! మళ్లా మండీ కాడికి పోతే దళారులు నడుము ఇరగ్గొడతారు." నవనీత ఏడ్చింది.

రెడ్డెప్ప చెప్పులు తొడుక్కున్నాడు.

"పోయినతూరి ఒక్కణ్ణే పోయినానని కొట్టినారు. ఈతూరి నువ్వూ రా."