జివ్వు

2003 మార్చి, ఉదయం పది గంటలు. గుంటూరులో ఒక పళ్ల ఆసుపత్రి. రహిమున్నీసా నాలుగో పన్ను పీకించుకోవడానికి కుర్చీలో కూర్చుంది.

కుడివైపు మూడు పళ్లు అప్పటికే లేవు. నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఇది కూడా పోతే ఆ పక్క నమలడానికి ఏమీ మిగలదు.

ఆమె చెంపను ఎవరూ ముట్టుకోలేరు.

"ఫ్యాను వేస్తే నన్ను తిడతదండీ, చెంపకి గాలి తగిలిందని. ఎండాకాలం కూడా ఇదే గోల," అన్నాడు భర్త అల్లాబక్షు, తలుపు దగ్గర నిలబడి.

అందుకే ఈసారి మత్తు డాక్టరు శివపార్వతిని పిలిపించారు. ఆమె ఇంజెక్షన్ కొద్దికొద్దిగా ఎక్కించింది. చెంప ముట్టనివ్వాలి, మాట పోకూడదు.

రహిమున్నీసా రెప్పలు వాలాయి.

పళ్ల డాక్టరు చైతన్యకృష్ణ పన్ను మీద తట్టాడు.

"మంటగా ఉందా అమ్మా?"

"లేదండీ."

"నరం నొప్పయితే మంట ఉండాలి. ఇది పన్నే," అని పటకారు అందుకున్నాడు.

శివపార్వతి తెర మీద అంకెలు చూస్తోంది. పన్ను మీద తట్టినప్పుడు నాడి వేగం ఒక్కసారిగా పెరిగింది, రోగి మాత్రం మంట లేదంటోంది.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టర్."

ఆమె రోగి చెవి దగ్గరికి వంగింది.

"రహిమున్నీసా, నువ్వు దేన్ని మంటంటావమ్మా?"

"చేతులకొచ్చేదండీ. మిరపకాయలకి తొడిమలు తీస్తే." మాట ముద్దగా వచ్చింది. "అది రోజూ ఉండేదేగా. దానికి ఆసుపత్రికెవరొస్తారు?"

తలుపు దగ్గర అల్లాబక్షు నవ్వాడు.

"మరి చెంపకొచ్చేది?"

"జివ్వుమంటదండీ. కరెంటు తీగ ముట్టుకున్నట్టు."

చైతన్యకృష్ణ పటకారు కింద పెట్టాడు. చిన్న దూది ఉండ తీసుకుని పెదవి అంచున ఆనించాడు.

"జివ్వు," అందామె.

ముక్కు పక్కన ఆనించాడు.

"జివ్వు."

పళ్లు లేని చోట, చిగుళ్ల మీద ఆనించాడు.

ఆమె కుర్చీ చేతులు పట్టుకుంది. "జివ్వు."

కాసేపటికి మత్తు దిగింది. రహిమున్నీసా నాలుకతో వెతుక్కుంది. పన్ను తగిలింది.

"పీకలేదా డాక్టరుగారూ?"

"లేదమ్మా. నొప్పి నరానిది, పంటిది కాదు. నరాల డాక్టరు దగ్గరికి పంపిస్తాను. మాత్రలున్నాయి."

ఆమె నాలుక ఆ పక్క ఖాళీలోకి వెళ్లింది.

"మరి ఆ మూడు?"

చైతన్యకృష్ణ చేతి తొడుగులు విప్పుతున్నాడు.

ఆ మూడూ తీసింది ఈ కుర్చీలోనే.