వామన్‌రావు కవచం

“ఇది మేకులు పీకే సుత్తి, పంతులూ. దీనితోని కవచం జేస్తవా, కవచం తొడుక్కున్నోని పండ్లు పీకుతవా?”

వైకుంఠం సుత్తిని లాక్కుని మళ్లీ గంపలో పడేశాడు. వామన్‌రావు నొచ్చుకోలేదు. చంకలో గుడ్డసంచితో, బెంచీ ఎక్కిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

“మరి ఏది కొనాల్నో మీరే చెప్పుండ్రి, కాకా.”

“చెప్తే ఇంటవా? మొదటి ఆదివారం రేకు కత్తెర ఇస్తనంటే వద్దని చెట్లు కత్తిరించే కత్తెర పట్కపోయినవ్. ఇత్తడి రేకేమన్న గోరింట చెట్టా? రెండో ఆదివారం ఇసుక సంచి మీద పెట్టి కొట్టవయ్యా అంటే, ఇనుప దాగలి మీద పెట్టి కొట్కొచ్చినవ్. గది ఛాతీ కవచం గాదు, అప్పడం.”

చార్మినార్ వెనుక గాజుల దుకాణాల వరసలో పనిముట్లు అమ్మే దుకాణం వైకుంఠానిదొక్కటే. వామన్‌రావు ఏదో దఫ్తర్‌లో గుమాస్తా. ఎవరో నవాబు తొడిగిన కవచం అజాయబ్‌ఘర్‌లో, పాత వస్తువుల అద్దాల బీరువాలో చూశాడట. అలాంటిది తన చేత్తో చేసుకోవాలని షౌక్ పుట్టిందట.

“నవాబులు పోయిండ్రు, ఓట్లొచ్చినయ్. ఇప్పుడు నీ మీదికి దండెత్తేది ఎవడు?”

“ఎవరూ లేరు కాకా. ఉత్త షౌక్.”

“షౌకైతే పావురాలు పెంచుకో. నీకు తెలివి లేకున్నా అవి ఎగురుతయ్.”

వైకుంఠం తాత నవాబుల దేవిడీ కావలివాళ్ల కవచాలకు సొట్టలు తీసేవాడు. ఆ పని వైకుంఠానికి వచ్చింది. అతని నుంచి కొడుకు ప్రహ్లాద్‌కు వచ్చింది. ప్రహ్లాద్ దసరాకు ముందు టైఫాయిడ్‌తో పోయాడు. ఆ తరువాత ఆ దుకాణంలో రెండే మాటలు అమ్ముడుపోయాయి: ‘ఉంది’, ‘లేదు’. ఇంట్లో భార్య నాగమణమ్మకు అవి కూడా దక్కలేదు. ఉగాదికి దుకాణం ఖాళీ చేసి గాజుల సేఠ్‌కు అప్పగించేలా మాట కూడా అయిపోయింది. సరిగ్గా అలాంటప్పుడు, మాఘమాసంలో, దాపురించాడు వామన్‌రావు.

అతని తప్పుల్లో గొప్ప క్రమశిక్షణ ఉంది. ఒకసారి చేసిన తప్పు రెండోసారి చేయడు. వారం వారం కొత్తది పట్టుకొస్తాడు. దఫ్తర్ ఫైళ్లకు ఉన్నట్టు వాటికీ వరస నంబర్లున్నాయేమో అనిపించేది వైకుంఠానికి. ఆదివారం అన్నం ముందు కూర్చుని అతన్ని తిట్టేవాడు. తిడుతూ తిడుతూ మారు అన్నం పెట్టించుకునేవాడు. ఉగాది దగ్గరపడిందని పోయిన వారం సేఠ్ వచ్చి తాళంచెవి అడిగితే, “ఆ అడ్డగాడిద కవచం అయ్యేదాంక ఆగు” అని పంపేశాడు.

“ఏది, ఈ వారం ఘనకార్యం చూపెట్టు.”

వామన్‌రావు సంచిలోంచి రేకు తీశాడు. నడిమధ్యన నిలువునా పగిలి ఉంది.

“కాల్చినవా?”

“దేన్ని?”

“నా కొంపను! రేకునయ్యా. కొట్టిన కొద్దీ ఇత్తడి బిగుసుకపోతది. ఎర్రగ కాల్చి, చల్లార్చి, మళ్ల కొట్టాలె.”

“కాల్చాల్నని మీరు చెప్పలేదు గద కాకా.”

“బువ్వ తినేముందు నోరు తెరువాల్నని మీ అమ్మ చెప్పిందా?”

నాగమణమ్మ దుకాణం వెనక ఇంట్లోంచి చాయ్ తెచ్చింది. ఆదివారం పూట ఎవరూ అడగకుండానే రెండు గ్లాసులు వచ్చేవి. ఆమె పుట్టింటివాళ్లూ ఇత్తడి పని చేసే కంచరివాళ్లే. పగిలిన రేకును అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎంత కష్టపడ్డడో పాపం.”

“కష్టపడ్డది రేకు” అన్నాడు వైకుంఠం.

ఆమె లోపలికి వెళ్లింది. వైకుంఠం రేకు మీద వేలితో వలయాలు గీశాడు. “అంచు నుంచి నడుమకు, చుట్టు తిరుక్కుంట కొట్టాలె. మెల్లగ. దానికి గుండ్రటి మొహం సుత్తి గావాలె.”

“ఇయ్యుండ్రి మరి.”

వైకుంఠం గోడవైపు చూశాడు. అక్కడ మేకుకు, గోనెపట్టా కింద, ప్రహ్లాద్ సుత్తి వేలాడుతోంది. పిడి మీద బొటనవేలు ఒరిసి ఒరిసి చిన్న గుంట పడి ఉంటుంది. గోనె తీయకుండానే అది అతనికి కనిపిస్తుంది.

“లేదు” అన్నాడు.

వామన్‌రావు రేకును సంచిలో పెట్టుకున్నాడు. చాయ్ తాగేసి, ఎప్పటిలాగే పక్కసందులోకి తిరిగాడు. దగ్గరి దారట. ఆ సందు వైకుంఠం పెరటి పక్కగా పోయి, చుట్టు తిరిగి మళ్లీ ఇదే బజారులో కలుస్తుంది. దారి ఎంచుకోవడంలోనూ పంతులుది అదే తెలివి.

వైకుంఠం గంప ముందు కూర్చుని పనిముట్లు సర్దాడు. చదును సుత్తితో ఈ మనిషి ఇంకో రేకును ఖూనీ చేస్తాడు. వచ్చే ఆదివారం ఆ శవాన్ని తెచ్చి ముందు పెడతాడు. తప్పదు.

లేచి గోనె తీశాడు. భుజం మీది తువ్వాలుతో పిడి తుడిచాడు. గుంటలో తన బొటనవేలు పెట్టి చూశాడు. గుంట తన వేలికి కొంచెం పెద్దదయింది. చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి నడిచాడు. ఏమని ఇవ్వాలో నడుస్తూనే కూర్చుకున్నాడు: ‘ఊకెనే ఇస్తలేను పంతులూ, పని కాంగనే తెచ్చియ్యి. దీనికి సొట్ట పడ్డదో, నీకు పడుతది.’

పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నాగమణమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో లెక్క తేలక వైకుంఠం అక్కడే ఆగాడు. వెంటనే వామన్‌రావు గొంతు వినిపించింది.

“వచ్చే ఆదివారం ఏం ఖరాబు జేసుకరావాలె, చిన్నమ్మా?”