అద్దం కింది చీటీ

“మిల్లు మంటల వార్త ఎవరాపారు బాబాయ్?”

తండ్రి పోయాక పత్రిక పగ్గాలు పట్టి నెలైనా కాలేదు. ప్రూఫు పేజీని ముసలి ఎడిటర్ ముందు విసిరికొట్టింది ఆమె.

“నువ్వేనమ్మా.”

“ముగ్గురు ఆడకూతుళ్లు కాలిపోతే నేనాపుతానా?”

ఆయన బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. బల్ల మీద పరిచిన అద్దం కింద పసుపుబారిన చీటీ ఉంది. ‘వీళ్ల జోలికి వెళ్లొద్దు’ అని నాన్న చేతిరాత. కింద పదకొండు పేర్లు. చివరిది ఆమెదే.

“నీ పేరు నువ్వు పుట్టిన రోజే రాశారు. ఆ మిల్లు నీ పేరు మీదే ఉందిగా. తలుపులకు బయట తాళాలు వేయించిందెవరని రాయను?”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నా గురించి ఏనాడూ చెడ్డగా రాలేదంటే, మంచిదాన్నే కాబోలనుకున్నాను.” ప్రూఫు పేజీని మళ్లీ ఆయన ముందుకు జరిపింది. “వార్త వేసేయండి.”

“పెద్దాయన మాట కాదని నా చేత్తో రాయలేను తల్లీ. నువ్వే రాయి.” కలం ముందుకు తోశాడు.

‘మిల్లులో ముగ్గురు కార్మికుల సజీవ దహనం’ అని గబగబా రాసింది. ‘తలుపులకు తాళాలు వేయించిన యజమాని’ అనీ రాసింది. ఆ పక్కన తన పేరు రాయాల్సిన చోట కలం ఆగిపోయింది.

అద్దం కింద అదే పేరు, నాన్న గుండ్రటి అక్షరాల్లో నిక్షేపంగా ఉంది.