ఎనిమిదో పాఠం

“మళ్లా తాగినావా మామా?”

రేఖ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా వినిపించింది. ఆదెన్న తల వంచుకుని, చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

“తాగినానమ్మా.”

“ఎన్ని దినాలు?”

“రెండు.”

“ఏడు పాఠాలు బుద్ధిగా వింటావు. ఎనిమిదోది వచ్చేతలికి తాగొస్తావు. ఇది మూడో తూరి. ఆ పాఠం నీకేమన్నా పగోడా మామా?”

ఆదెన్న నవ్వలేదు. వచ్చే గురువారం వస్తానని మాత్రం చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. తెర మీద ‘మొదటి పాఠం’ అన్న అక్షరాలు మిగిలాయి.

ఆ కంప్యూటర్ నియమమే అంత. చివరి పాఠానికి ముందు, ‘పోయిన వారం తాగినావా?’ అని అడుగుతుంది. తాగానన్నవాడు మొదటి పాఠానికి పోవాలి. తాగలేదన్నవాడు ఎనిమిదోది విని బయటపడాలి. బయటపడినవాడి పేరు అక్కడితో మూసుకుపోతుంది. వాడికి మరి పాఠాలు లేవు.

అది రెండువేల ఎనిమిది వేసవి. తాగుడు మాన్పించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ ముదిగుబ్బలో అద్దెకు తీసుకున్న గది అది. ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, ఒక నీళ్లకుండ. చదువు రానివారి కోసం పాఠాలన్నీ మూడేళ్ల కిందటే ఒక ఆడగొంతుతో చదివించి పెట్టారు. అందులో పుస్తకాల తెలుగు లేదు, ఈ సీమ మాటే ఉంది.

“తాగల్లని తలపొస్తే దాన్ని తరమొద్దు, తిట్టొద్దు. యాడనుంచి వచ్చినావని అడుగు. ఎండకొచ్చిన సుట్టం మాదిరి కూసోబెట్టు. కాసేపుంటే అదే లేసి పోతాది.”

రేఖ హిందూపురం నుంచి ఈ పనికి వచ్చి ఆరు నెలలు. పద్నాలుగు మంది పేర్లు రాయించుకుంటే, పదముగ్గురు రెండో పాఠానికే కనబడకుండా పోయారు. మిగిలినవాడు ఆదెన్న. ఈ ఒక్కడు గట్టెక్కితే చాలునని ఆమె ఎందరు దేవుళ్లకు మొక్కుకుందో ఆమెకే తెలియదు.

గురువారం వస్తే అతడు తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, గది తలుపు తెరవక ముందే మెట్టు మీద కూర్చుని ఉంటాడు. పాఠం నడుస్తుంటే తెర వైపు చూడనే చూడడు. కళ్లు మూసి, అరచేతులతో హెడ్‌ఫోన్‌ను అదుముకుని వింటాడు. ‘మళ్లీ వినిపించు’ అన్న చోట నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. చెవుడేమోనని రేఖ ఒకసారి శబ్దం పెంచబోతే, “వద్దమ్మా, ఉన్నెట్లే ఉండనీ” అని బతిమాలాడు.

ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని ఏడో వారంలో ఎవరు పాడుచేస్తున్నారు? ఆదివారం రేఖ బస్సెక్కి అతని ఊరికే వెళ్లింది. నేరుగా బ్రాందీ అంగడి ముందు నిలబడింది.

“అన్నా, ఆదెన్నకు మందు ఇయ్యొద్దు. నీకు దండం పెడతా.”

అంగడి తిప్పన్న పకపకా నవ్వాడు. “ఇచ్చినా తాగేదానికి ఆయప్ప ఒప్పుకోవల్ల కదా పాపా? నా వాకిలి తొక్కి రెండేండ్లాయె. మొన్న పెండ్లిలో పోసిస్తే గలాసు బోర్లించినాడు. అందరూ ఆయప్ప మాదిరైతే నేను గొర్రెలు మేపుకోవల్ల.”

“పోయిన వారం రెండు దినాలు తాగినానని ఆయనే చెప్పినాడే!”

“తాగినోడు తాగలేదనేది సూసినా. తాగనోడు తాగినాననేది ఇదే వినడం. ఏం కాలమొచ్చెనప్పా!”

తిరుగు బస్సులో రేఖకు ఏడుపొచ్చింది. మోసపోయానన్న ఏడుపు.

గురువారం ఆదెన్న వచ్చేసరికి ఆమె చేతిలో కొత్త సీడీ ఉంది. హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చింది.

“ఈ పొద్దునుంచి కొత్త పాఠాలు మామా. ఇది వేస్తే పాతవి చెరిగిపోతాయి. పోతే పోనీలే, దీంట్లో గొంతు ఎంత ఇంపుగా ఉండాదో! పట్నంలో పెద్దామెతో చదివించినారు.”

ఆదెన్న ముఖం వాన తప్పిన చెనిక్కాయ చేనులా వాడిపోయింది.

“పాతవి తియ్యొద్దమ్మా.”

“అవి నీకేం చేసినాయి? మూడుతూర్లు మొదటికొచ్చినావు.” రేఖ సీడీ కవరు విప్పింది. “మీ ఊరికి పోయొచ్చినా. తిప్పన్న చెప్పినాడు, నువ్వు రెండేండ్లుగా చుక్క ముట్టలేదంట. నాకెందుకు అబద్ధం చెప్తివి? ఫ్యాను గాలికా, కుండనీళ్లకా? ఒక్కడన్నా బాగుపడతాడని నేను కాసుకోని ఉంటే, నాతో ఆడుకుంటాండావా మామా?”

ఆదెన్న లేచి ఆమెకూ కంప్యూటరుకూ నడుమ నిలబడ్డాడు. కొడవలి పట్టి కాయలు కాచిన చేతులు రెండూ చాచాడు.

“తాగుబోతని రాసుకోమ్మా. ఎన్నిసార్లన్నా రాసుకో, ఊరంతా దండోరా ఏపిచ్చు. దాన్ని మాత్రం చెరపొద్దు.”

“ఏముంది మామా దాంట్లో?”

అతడు బల్ల మీది హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవి దగ్గర పట్టాడు. పాఠం మొదలైంది.

“సిగ్గుపడొద్దు. నువ్వు తాగినందుకు నేను నిన్నేమీ అననులే. కూసో.”

ఆ మాటలతోపాటే, ఒక్కటీ తప్పకుండా, ఆదెన్న పెదవులు కదిలాయి. కళ్ల నీళ్లు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

“అది సచ్చిపోయిన నా బిడ్డ గొంతమ్మా.”