వాసన మీద ఫిర్యాదు

లారీ మడ్డి దించింది. ఇంజను ఇంకా ఆగనేలేదు, వెండెల్ వంగి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించి చేతిలోది విసిరికొట్టాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఛీ. పోయినేటి కంటే ఘోరం. దీన్ని ఎరువంటార్రా?"

డ్రైవర్ చాబా తాపీగా కుప్ప పక్కనే కూర్చుని పొట్లం విప్పాడు. పందికొవ్వు రాసిన రొట్టె, పైన ఉల్లిపాయ చక్రాలు.

"దీని పక్కన కూర్చుని నీకు ముద్ద ఎలా దిగుతోందిరా?"

"ఆకలేస్తే దిగదా బాబాయ్? నువ్వూ ఓ ముక్క తిను."

వెండెల్‌కి అసహ్యం వేసింది. పట్నంలో పుట్టినవాడికి ఎరువు గురించి చెప్పి ఏం లాభం?

"అటు చూడు. ఒక్క ఈగైనా వాలిందా? మా కుక్క కూడా మూతి తిప్పుకుని పోయింది."

"కుక్కలక్కూడా ఫిర్యాదులు రాయడం నేర్పావా ఏంటి?" అని నవ్వాడు చాబా.

ఆ ఊళ్లో వెండెల్ ముక్కు మీద అందరికీ గురి. పీపాలో ద్రాక్షసారా చెడిందా లేదా, గాదెలో గింజ చెమ్మెక్కిందా లేదా, పెంట మాగిందా లేదా, ముందు ఆయన్నే పిలిచేవారు. ఇప్పుడు ఇళ్లలో పందులూ గొడ్లూ తగ్గిపోయి పెంటకే కరువొచ్చింది. పట్నంలో మురుగు శుద్ధి చేసేవాళ్లు, అడుగున మిగిలిన మడ్డిని పొలాలకి ఊరికే తోలిపెడతామన్నారు. వెండెల్ ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మొదటి ఏడు మొక్కజొన్న మనిషెత్తు దాటింది. రెండో ఏడు మడ్డి మారింది. గోల అప్పుడే మొదలైంది.

లారీ వెళ్లాక భార్య ఎటెల్కా ఉతికిన దుప్పట్లు తెచ్చి, కుప్పని ఆనుకుని ఉన్న తీగ మీద ఆరేయసాగింది. వెండెల్‌కి ఒళ్లు మండింది.

"దీని పక్కనా దుప్పట్లు ఆరేసేది?"

"ఎండ ఇక్కడే ఉంది మరి. నువ్వు కుప్పని తిట్టడం మాని పంట సంగతి చూడు. ఈ ఏడూ మేత రాకపోతే నాలుగావుల్నీ తోలెయ్యాల్సిందే. చలికాలం వాటికి నీ తిట్లు వేస్తావా?"

వెండెల్ విసవిసా లోపలికి వెళ్లాడు. ఫిర్యాదు కాగితం తీశాడు. అందులో నాలుగు గళ్లు ఉంటాయి. లారీ చప్పుడు, దుమ్ము, వాసన, ఇతరాలు. వరసగా మూడో ఏడు కూడా 'వాసన' గడిలోనే గుర్తు పెట్టాడు, కాగితం చిరిగేంత నొక్కి. కింద ఒక్క ముక్క రాశాడు: 'మనిషన్నవాడు ఇలాంటిది పొలంలో వేయడు.'

పది రోజుల్లో ఎప్పటి జవాబే వచ్చింది. 'మీ ఫిర్యాదుపై చర్య తీసుకున్నాము.'

తీసుకున్న మాట నిజమే. వాళ్లు చర్య తీసుకున్నప్పుడల్లా, మరుసటి ఏడు మడ్డి ఇంకాస్త రోతగా తయారై వచ్చేది.

వేరే ఎరువు లేక ఆ మడ్డినే పొలంలో చల్లి విత్తాడు. జూన్ వచ్చింది. మోకాలు దాటాల్సిన మొక్కజొన్న పిక్క దగ్గరే ఆగిపోయింది. ఆకుల అంచులు ఊదా రంగుకి తిరిగాయి. వెండెల్ పది మొక్కలు వేళ్లతో, మట్టితో సహా పీకి గోనెసంచిలో కుక్కాడు. పట్నం వెళ్లి మురుగు కేంద్రం వాళ్ల బల్ల మీద కుమ్మరించి, ఊరూ పేరూ చెప్పి వచ్చేశాడు.

వారం తిరక్కుండా ఎనికో అనే ఇంజనీరమ్మ పొలానికే వచ్చింది, మట్టి పరీక్ష కాగితాలు పట్టుకుని.

"వెండెల్ గారూ, మీ నేలలో భాస్వరానికి కొదవ లేదండీ. మడ్డిలోనే బోలెడు వచ్చింది."

"మరి భాస్వరం చాలకపోతే వచ్చే ఈ ఊదా రంగేంటమ్మా? నా పంట ముస్తాబైందా?"

"భాస్వరం ఉంది గానీ మొక్కకి అందట్లేదు. ఇనుము దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. వేరు ఎంత పీల్చినా వదలదు."

"నా పొలంలో ఇనుమెక్కడిది?"

"మేం పోసిందే. భాస్వరం నదిలోకి పోతే నీళ్లు నాచు పడతాయి. మొదట్లో మురుగులోంచి దాన్ని తీసే పని సూక్ష్మజీవులతోనే చేయించేవాళ్లం. తరవాత ఇనుప మందు కొంచెం కలపడం మొదలుపెట్టాం. నదికైతే ఆ కొంచెం చాలు."

"చాలితే ఇంత ఎందుకు పోశారు? నాలుగావులు తల్లీ. వాటికి చలికాలం ఏం పెట్టను?"

ఎనికో నొచ్చుకుంది. సంచిలోంచి మూడు కాగితాలు తీసి చేతికిచ్చింది.

"మీకోసమేనండీ. ఆ మందు వాసనని కూడా చంపేస్తుంది. మీ ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ మోతాదు పెంచుతూ వచ్చాం. ఇన్ని ఊళ్లలో మీరొక్కరే వదలకుండా రాశారు. మీ ముక్కుకి మొక్కాలి అనుకున్నాం."

వెండెల్ కాగితాలు తిరగేశాడు. మూడూ తనవే. చిరిగిన చోటు కూడా అలాగే ఉంది.

"వాసన గడిలో గుర్తు పెట్టింది మీరే కదండీ?" అంది ఎనికో మెల్లిగా.

"పెంటన్నాక కాస్త కంపు కొట్టాలి కదమ్మా," అన్నాడు వెండెల్, "దీనికి బొత్తిగా వాసనే లేదనే పెట్టాను."