నలభై రెండో బొమ్మ

“మళ్లీ ఫోన్ చేశారు,” అంది ఇమోజెన్, తలుపు సందులోంచి తల పెట్టి.

బార్నబీ క్రాగ్ చేతిలో కలం ఆగిపోయింది. ఎవరో తెలుసు. అయినా అడిగాడు. “ఎవరు?”

“మంత్రిగారి ఆఫీసు. మీ బొమ్మ చూసి సర్ లయనెల్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారట. అసలు బొమ్మ కావాలట. ఎప్పటిలాగే, టాయిలెట్ గోడకి.”

“జలగలా గీశానమ్మాయ్! రోగి చెయ్యి పట్టుకుని రక్తం పీలుస్తున్న జలగ! పదమూడు ఆస్పత్రులు మూయించాడని గీస్తే, దానికీ నవ్వాడా?”

“ముక్కు మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చిందన్నారట.”

బార్నబీ కలం విసిరేశాడు. లండన్‌లో ‘నెటిల్’ వారపత్రిక నలభై ఏళ్లుగా నడుస్తోంది. నెటిల్ అంటే దురదగొండి. ముట్టుకున్నవాడు గోక్కుని చావాలని పెట్టిన పేరు. బార్నబీ అందులో ముప్ఫై ఏళ్లుగా బొమ్మలు గీస్తున్నాడు. సర్ లయనెల్ ఒక్కడి మీదే పదకొండేళ్లలో నలభై రెండు గీశాడు. పందిలా గీశాడు, గాలి పోయిన బుడగలా గీశాడు, చిల్లుపడ్డ గొడుగులా గీశాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. తనను వెక్కిరించిన బొమ్మను అడిగి పుచ్చుకుని, పటం కట్టించి, వచ్చినవాళ్లంతా చూసేలా టాయిలెట్‌లో తగిలించడం అక్కడి పెద్దమనుషుల మర్యాద. ఉడుక్కున్నవాడు ఓడిపోయినట్టే లెక్క.

“ఇది చదివావా?” అని ఒక ఉత్తరం ముందుకు తోశాడు. “మీ పత్రికకి కోరలు ఊడాయి, మునుపటిలా లేదు అంటున్నాడు ఎవరో పాఠకుడు.”

“మన రెండో సంచికకే వచ్చిందట అలాంటి ఉత్తరం, మొదటిదే బాగుందని,” అంది ఇమోజెన్. ఎడిటర్ కుర్చీలో కూర్చుని ఏడాది కాలేదు గానీ, పాత ఫైళ్లన్నీ తిరగేసింది. “పట్టించుకోకండి.”

“వాడన్నది నిజమేగా? కుట్టడానికి పుట్టిన పత్రిక మనది. ఇప్పుడేం చేస్తున్నాం? వాళ్ల గోడలు అలంకరిస్తున్నాం.”

“పోనీ ఆయన్ని వదిలేసి ఇంకెవరినైనా గీయండి.”

“ఎవరిని గీసినా ఇదే ఫోను! గట్టిగా గీస్తే గట్టిగా నవ్వుతారు. గీయకపోతే, మమ్మల్ని మర్చిపోయారేమని అడుగుతారు. ఎటు తిరిగినా గోడే.”

ఇమోజెన్ బొమ్మను పోస్టులో పంపమంది. బార్నబీ ఒప్పుకోలేదు. తానే తీసుకెళ్తానన్నాడు. ముప్ఫై ఏళ్ల తన పని ఏ గోడ మీదికి చేరిందో ఒక్కసారి కళ్లారా చూసి, దండం పెట్టి మానేద్దామని నిశ్చయించుకున్నాడు. రాజీనామా కూడా రాసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే మంత్రిగారి ఊళ్లో రైలు దిగేసరికి ఒకటే వాన. చర్చి మలుపు తిరగగానే ఎదురుగా, గొడుగు అడ్డం పెట్టుకుని ఒక మనిషి నడుస్తున్నాడు. నడుస్తున్నాడనడం కన్నా పరిగెడుతున్నాడనాలి. ఆ ముక్కు బార్నబీకి తెలియనిది కాదు. పక్కనే ఊరి పబ్బు; దాని యజమాని వెనక తలుపు తెరిచి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మంత్రి పలకరింపైనా లేకుండా లోపలికి దూరిపోయాడు.

పొద్దున్న ఏడున్నర! పబ్బు ముందు తలుపు ఇంకా తెరవనే లేదు. ‘వానైనా మంచైనా ఊరి పబ్బుకు నడిచి వెళ్లే ప్రజల మనిషి’ అని పేపర్లు రాసినప్పుడు, బార్నబీ మంత్రి రెండు చేతుల్లో రెండు బీరు గ్లాసులు పెట్టి గీశాడు. దాన్నీ అడిగి పట్టుకెళ్లారు.

మంత్రి భార్యే తలుపు తీసింది. పొడవాటి మనిషి, కాళ్లకు రబ్బరు బూట్లు.

“మీరే క్రాగ్‌గారా? అయ్యో, తడిసి ముద్దయ్యారు. రండి, టీ పెడతాను. ఆయన ఇప్పుడే బయటికెళ్లారు.”

“చూశానండీ. మంచి హుషారు మీద ఉన్నారు.”

ఆవిడ గబగబా వంటింట్లోకి నడిచింది. టీ అయ్యాక బార్నబీయే అడిగాడు. “గోడ ఒకసారి చూడొచ్చా?”

“చూపించకుండా మిమ్మల్ని పంపుతానా?” అంది ఆవిడ నవ్వి. “మెట్ల కిందే. మా ఇల్లు మూడొందల ఏళ్లది. పాత కట్టడమని అధికారులు ఇటుక కదపనివ్వరు. ఇంటి మొత్తానికి ఉన్నది ఆ టాయిలెట్ ఒక్కటే.”

తలుపు తీస్తే నలుగురు నిలబడే చోటు లేదు గానీ, నలభై ఒక్కమంది సర్ లయనెల్‌లు ఉన్నారు. ఎటు తిరిగి కూర్చున్నా మొహంలో మొహం పెట్టి చూస్తున్నారు. సరిగ్గా కూర్చునే చోటుకు ఎదురుగా, కొత్త జలగ కోసం ఒక మేకు కొట్టి ఉంది. బార్నబీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తన కోపమంతా తళతళలాడే అద్దాల వెనక బుద్ధిగా వేలాడుతోంది. ఏడుపొచ్చింది.

జేబులోంచి కవరు తీశాడు. “ఇదే ఆఖరి బొమ్మని ఆయనతో చెప్పండి మేడమ్. సోమవారం మానేస్తున్నాను.”

“అదేమిటి, అందరూ పడీపడీ నవ్వుతారుగా! మా ఇంటికొచ్చిన వాళ్లయితే ఇందులోంచి ఓ పట్టాన బయటికి రారు.”

“అందరూ నవ్వితే చాలదండీ. తగలాల్సినవాడికి తగలాలి. పదకొండేళ్లలో ఆయనకి ఒక్కటీ తగల్లేదు.”

ఆవిడ వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. ఒరిగిన పటాన్ని సరిచేసి, గొంతు బాగా తగ్గించింది.

“పైకి పొక్కనివ్వనని మాటివ్వండి.”

“ఏమిటది?”

“ఆయన రోజూ పొద్దున్నే పబ్బుకు పరిగెత్తేది తాగడానికి కాదు.”